బైరప్పను బతకనివ్వని పాపమ్మ

మా అవ్వ పాపమ్మ చేతిలో పడిన రోగి బతికి బయటపడింది లేదు. పాము కరిచి వచ్చినా, కరెంటు కొట్టి వచ్చినా, చేలో ఎండదెబ్బ తగిలి వచ్చినా, ఊరికే కడుపునొప్పని వచ్చినా, చివరికి ఆమె చెప్పే తీర్పు ఒకటే: "పోయినాడు." ఆమె మదనపల్లిలో నర్సుల బడిలో పాఠాలు చెప్పే మేడం. ఇన్ని ప్రాణాలు తీసి కూడా జైలుకు పోకుండా పెన్షన్ దాకా ఎలా వచ్చిందంటే, పోయేవాడు ప్రతిసారీ ఒకడే. వాడి పేరు బైరప్ప. వాడు గోనెసంచి.

తొంభైల మొదట్లో ఆ బడిలో సూది వేయడం నేర్చుకోవడానికి బత్తాయిపండు తప్ప మరేమీ ఉండేది కాదు. బత్తాయికి భయం లేదు, బాధ లేదు, బయట ఎదురుచూసే పెండ్లాం లేదు, కాబట్టి అది రోగిగా పనికిరాదని మా అవ్వ తేల్చేసింది. గోనెసంచిలో ఊక కూరి మనిషిని కుట్టింది. చేతుల్లో సైకిల్ ట్యూబు దూర్చి, అందులో పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్ళు పోసింది. రొమ్ములో ఫుట్‌బాల్ బ్లాడరు పెట్టి దానికి ఒక గొట్టం తగిలించింది. ఆ గొట్టం రెండో కొన ఆమె చేతిలో ఉండేది. ఆమె గాలి కొడితే బైరప్పకు ఊపిరి ఆడుతుంది, ఆపితే ఆగుతుంది. అంటే యముడు తెర వెనక స్టూలేసుకుని, ముక్కుమీద కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చునేవాడన్నమాట.

బైరప్పకు ఊరు కూడా ఇచ్చింది. పెద్దమండ్యం పక్క పల్లె. వేరుశనగ వేస్తాడు, వాన రాదు. బీడీలు మానడు, సూదంటే వణుకు, ఎవరి మాటా వినడు. ఈ సంగతులన్నీ నర్సు పిల్లలకు కంఠతా రావాలి.

"సూది వేసినా మేడం," అంది ఒకరోజు భవ్య అనే పిల్ల.

"ఆయప్పతో చెప్పి వేసినావా?"

"గోనెసంచితో ఏం చెప్పాల మేడం?"

"రేపు జరమొచ్చి మాట పడిపోయినోడు కూడా గోనెసంచి మాదిరే పడుంటాడు. వానితో కూడా చెప్పవా?"

భవ్య గోనెసంచి వైపు తిరిగి, "అప్పా, సూది వేస్తాండాను, రవ్వంత ఓర్చుకో," అంది. బైరప్ప ఓర్చుకున్నాడు. కాసేపటికి పోయాడు.

ఆ క్లాసులోనే, గోడ వారగా నిలబడి, పళ్ళు కొరుక్కుంటూ ఇదంతా చూసిన పిల్ల నందిని. సదుం దగ్గర పల్లె నుంచి వచ్చింది. తెలివైనది, అంతకంటే మొండిది. నందినికి ఓడిపోవడం చేతకాదు. బైరప్పను ఎలాగైనా బతికించి తీరాలని పట్టుబట్టింది. ఒకసారి వాడికి నీళ్ళ విరేచనాలు తగులుకుంటే, అదరకుండా బెదరకుండా సెలైన్ పెట్టింది, నాడి చూసింది, డాక్టరుకు కబురంపింది, ఆయాతో గుడ్డలు మార్పించింది. ఒక్క తప్పు లేదు. తెర వెనక గొట్టం ఆగిపోయింది.

"పోయినాడు," అంది మా అవ్వ.

"యాల పోయినాడు మేడం? నేను చేసిందాంట్లో తప్పేముండాది?"

"తప్పేమీ లేదు. అన్నీ సరిగ్గానే చేసినావు. అయినా పోయినాడు."

"సరిగ్గా చేసినాక యాల పోవాల?"

"మొగం కడుక్కోమ్మా. బయట వాని పెండ్లాం కూసోనుండాది. పోయి చెప్పు."

ఈ చెప్పడం దగ్గరే పిల్లలకు అసలు నరకం. బైరప్ప పెండ్లాం వేషం కట్టేది ఆసుపత్రి ఆయా మునిలక్ష్మి. ఆమెకు ఆ వేషం అంటే ప్రాణం. కబురు చెవినపడగానే కొప్పు విప్పుకుని, నేల మీద పడి, బైరప్ప పెండ్లినాడు కట్టుకున్న పంచె రంగు దగ్గరనుంచి మొదలుపెట్టి శోకాలు తీసేది. ఒకసారి నిజం రోగిని చూడ్డానికి కలకడ నుంచి వచ్చిన జనం ఆ ఏడుపు విని ఆగలేక వచ్చి చుట్టూ కూర్చున్నారు. వాళ్ళలో ఒక ముసలామె మునిలక్ష్మిని కావలించుకుని తానూ ఏడ్చింది. ఒకాయన బజారుకు పోయి పూలదండ తెచ్చాడు. దండ తెచ్చినాక వేయకపోతే బాగుండదని మా అవ్వ బైరప్పకు వేయించింది.

మునిలక్ష్మి మొగుడు హనుమంతుకు ఆసుపత్రి గేటు దగ్గర టీ కొట్టు. అతను వచ్చి మొర పెట్టుకున్నాడు.

"మేడం, నా పెండ్లాం వారం వారం తాళి తెంచుకుంటాంది. నా ఆయుస్సు ఏమైపోవాల?"

"నీకేమప్పా, ఆమె ఏడ్చేది బైరప్ప కోసం గదా."

"అక్కడే నాకు మండేది. నేను జరమొచ్చి మంచాన పడితే ఒక్క చుక్క కన్నీళ్ళు లేవు, ఊక మూటకు మాత్రం అంత ఏడుపా?"

సెలవులొస్తే ఇంట్లో మనవలకూ ఇదే డ్యూటీ. బైరప్ప బిడ్డలుగా కూర్చుని ఏడవాలి. బాగా ఏడ్చిన వాళ్ళకు బొరుగుల ఉండ దొరికేది. మనవల్లో కొందరికి చదువు అంటకపోవడానికి కారణం చిన్నప్పుడే ఇలా స్థిరమైన ఉద్యోగం దొరికిపోవడమే.

మా అవ్వకు ఇంకో పిచ్చి ఉండేది. నర్సులు నర్సులతోనే, డాక్టర్లు డాక్టర్లతోనే నేర్చుకుంటే లాభం లేదని ఆమె వాదన. రోగి దగ్గర అందరూ కలిసే చేస్తారు గనుక, నేర్చుకునేదీ కలిసే నేర్చుకోవాలంటుంది. జీపు నడిపే దాసప్ప, ఆయా మునిలక్ష్మి, నర్సు పిల్లలు, డాక్టర్లు, అందరినీ బైరప్ప మంచం చుట్టూ నిలబెట్టేది. బైరప్ప పోయాక అందరూ కింద చాప మీద గుండ్రంగా కూర్చోవాలి. టీ వస్తుంది. నేను ఏం చూశాను, నేను ఏం చేశాను అని ఒక్కొక్కరూ చెప్పాలి. ఒకే ఒక్క నిషేధం: "నీ వల్లే" అనకూడదు. అన్నవాళ్ళు బైరప్ప పంచె ఉతకాలి.

పుంగనూరు నుంచి పురుషోత్తం డాక్టరు వచ్చేవాడు. మంచివాడు, కానీ పుస్తకంలో ఉన్నది జరిగి తీరాలంటాడు. ఆయన వచ్చిన మొదటిరోజు బైరప్పను కట్లపాము కరిచింది. డాక్టరు చకచకా మందు చెప్పాడు, నందిని ఇచ్చింది, గొట్టం ఆగిపోయింది.

"పాపమ్మగారూ, ఈ మందుకు ఈ మనిషి బతకాల," అన్నాడు డాక్టరు.

"మందు బాగానే ఇచ్చినారు సార్. పోయినాడు."

"ఎట్ల పోతాడు?"

"దావలో దాసప్ప జీపు పంచరయింది. రావడమే ఆలస్యంగా వచ్చినాడు."

దాసప్ప ఎగిరి పడ్డాడు. "నా జీపు యానాడు పంచరయిందమ్మా? ఇంతమందిలో నా పేరు యాల చెరుపుతావు?"

"నీ వల్లే కదయ్యా," అన్నాడు డాక్టరు, నిజంగానే కోపంతో. చాప మీద అందరూ మునిలక్ష్మి వైపు తిరిగారు. మునిలక్ష్మి లేచి బకెట్టూ సబ్బుబిళ్ళా తెచ్చి డాక్టరు ముందు పెట్టింది. ఆయన కాసేపు సబ్బుబిళ్ళను చూసి, చొక్కా చేతులు పైకి మడిచాడు. ఆ పంచె ఆ తర్వాత కూడా ఎక్కువగా ఆయన చేతి మీదుగానే తెల్లబడింది.

ఉతికి ఆరేస్తూ ఆయన అడిగాడట: "ఒక్కసారైనా బతికించకూడదా తల్లీ? పిల్లలు దిగులు పడిపోతున్నారు."

"బతికిచ్చేది మీ పుస్తకాలు నేర్పిస్తాయి సార్," అంది మా అవ్వ. అంతకుమించి చెప్పలేదు.

బడి పెత్తనం రామచంద్ర అనే ఆయనది. పిల్లల తల్లిదండ్రులు ఆయన మీద పడ్డారు. మా పిల్ల సెలవుకు ఇంటికొచ్చి బైరప్పా బైరప్పా అని కలవరిస్తాంది, వాడెవడు, అని ఒక తండ్రి కర్ర పట్టుకుని వచ్చాడు. గోనెసంచిని చూపించినా ఆయన చాలాసేపు నమ్మలేదు. రామచంద్ర మా అవ్వను పిలిచి బతిమాలాడు. "రేపు పైనుంచి ఇన్‌స్పెక్షనుకు వస్తాండారు మేడం. రేపు ఒక్కదినం బైరప్ప బతకాల. మీకు పుణ్యముంటుంది." మా అవ్వ తల ఊపింది. మర్నాడు వచ్చిన పెద్దమనుషులు కుర్చీల్లో కూర్చుని చూస్తుండగా బైరప్ప కళ్ళు తెరిచినంత పనిచేశాడు, ఊపిరి బాగా ఆడింది, పెద్దాయన ఒకాయన చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లు ఆగకముందే పోయాడు. పెద్దాయన మొహం చూసి మునిలక్ష్మికి నిజంగానే ఏడుపొచ్చింది.

నందిని చదువు ముగిసిన రోజు, పెట్టె సర్దుకుని చివరి మాటగా అడిగింది. "మేడం, నేను పోతాండాను. నా కోసమన్నా ఒక్కసారి బతికించండి."

"సరేమ్మా, రా," అని మా అవ్వ స్టూలెక్కింది. నందిని తన మూడేళ్ళ చదువంతా బైరప్ప మీద ధారపోసింది. పోయాడు.

"అన్నీ సరిగ్గానే చేసినావు," అంది మా అవ్వ తెర వెనకనుంచి.

"మీది రాతిగుండె మేడం," అని నందిని దండం కూడా పెట్టకుండా బస్సెక్కింది. బస్సు పుంగనూరు దాటేదాకా కోపంతో ఆమె చెవులు ఎర్రగానే ఉన్నాయి.

ఆమెకు కుప్పంలో ఒక చిన్న ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. రెండువేల సంవత్సరం దాటిన రోజులవి. ఊరి సందుల్లో తెలుగుతోపాటు తమిళం, కన్నడం కూడా వినిపిస్తాయి, రోగులు మూడు భాషల్లోనూ మూలుగుతారు. నందిని అందరినీ పలకరించేది, చెప్పకుండా సూది వేసేది కాదు. ప్రవీణ్ అని కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు, చాందిని అనే ఆయా, ఒక జీపు డ్రైవరు. నలుగురూ కలిసి ఆసుపత్రిని లాగుతున్నారు. పురుళ్ళు చక్కగా జరిగాయి, జ్వరాలు తగ్గాయి, నందినికి గెలవడం అలవాటైంది. పాపమ్మ మేడం గుర్తొస్తే, చూడు, నా దగ్గర ఎవరూ పోరు, అని మనసులోనే వెక్కిరించేది.

ఒక మధ్యాహ్నం పల్లె నుంచి ఒక కూలిమనిషిని పురిటికి తెచ్చారు. బిడ్డ బాగా పుట్టింది, గట్టిగా ఏడ్చింది. ఆ తర్వాత తల్లికి రక్తం పోవడం మొదలై ఆగలేదు. నందిని పొత్తికడుపు ఒత్తిపట్టి చేతులు తీయలేదు. ప్రవీణ్ ఇవ్వాల్సిన సూదులన్నీ ఇచ్చాడు. చాందిని రెండు చేతుల్లోనూ సెలైన్ సీసాలు పట్టుకుని నిలబడింది. డ్రైవరు పరుగున పోయి రక్తం సీసా తెచ్చాడు. సమయానికే తెచ్చాడు. ఎక్కించారు కూడా. ఏదీ ఆలస్యం కాలేదు, ఏదీ మరిచిపోలేదు. ఆమె నందిని వైపు చూస్తూనే పోయింది.

బయట మొగుడు మునికృష్ణ, వాళ్ళ ఊరి జనం ఉన్నారు. కొందరి చేతుల్లో అప్పటికే రాళ్ళున్నాయి. ప్రవీణ్ గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

"సిస్టర్, వెనక తలుపు తీయించండి. పోలీసులకు ఫోన్ చేద్దాం. వాళ్ళు మనల్ని బతకనివ్వరు," అన్నాడు.

నందిని కొళాయి దగ్గరికి పోయి మొహం కడుక్కుంది. ఎందుకు కడుక్కుంటోందో ఆమెకు తెలియలేదు, కాళ్ళూ చేతులూ వాటంతట అవే పోతున్నాయి. చీరకు అంటిన రక్తం కనబడకుండా పైన దుప్పటి కప్పుకుని, ముందు తలుపు తీసి బయటికి పోయి, మునికృష్ణ ముందు నేలమీద కూర్చుంది.

"అప్పా, నీ బిడ్డ బాగుండాది. నీ పెండ్లాం చచ్చిపోయిందప్పా. రక్తం నిలవలేదు. మేము అందరం పట్టుకున్నాం, నిలవలేదు."

మెత్తటి మాటలేమీ చుట్టలేదు. అతనికి అర్థమయ్యేదాకా మళ్ళీ చెప్పింది. జనం అరిచారు. అత్త వచ్చి నందిని జుట్టు పట్టుకుంది. నందిని జుట్టు విడిపించుకోలేదు, లేచి పోలేదు. అత్త కొట్టి కొట్టి అలిసి, ఆ భుజం మీదే తల వాల్చి ఏడ్చింది. రాళ్ళు ఒక్కొక్కటే కింద పడ్డాయి. ఇలా ఏడ్చే ఆడవాళ్ళను నందిని మూడేళ్ళు చూసి ఉంది, కాకపోతే అప్పుడు ఎదురుగా ఏడ్చేది మునిలక్ష్మి.

శవాన్ని పంపాక నలుగురినీ లోపల చాప మీద కూర్చోబెట్టింది. "చాందినీ, నువ్వు ఇంకొంచెం ముందే పిలిచుంటే..." అని ప్రవీణ్ మొదలుపెట్టాడు.

"ఆ మాట వద్దు సార్," అంది నందిని. "అన్నోళ్ళు గుడ్డలు ఉతకాల."

అతనికి అర్థం కాలేదు, కానీ నోరు మూశాడు. కాసేపటికి, డాక్టరన్న సంగతి మరిచి, వెక్కి వెక్కి ఏడ్చాడు. నందిని అతనితో మెల్లగా చెప్పింది. "అన్నీ సరిగ్గానే చేసినారు సార్. అయినా పోయింది." డ్రైవరుతో అదే చెప్పింది. చాందినితో అదే చెప్పింది. అందరూ ఊపిరి పీల్చుకుని ఇళ్ళకు పోయారు. ఆ మాట నందినికి చెప్పేవాళ్ళు మాత్రం ఆ ఆసుపత్రిలో ఎవరూ మిగల్లేదు.

మర్నాడు నందిని డ్యూటీకి పోలేదు. అద్దె గదిలో పెట్టె సర్దింది. ఎస్‌టీడీ బూతుకు పోయి మదనపల్లికి ఫోన్ చేసింది.

"మేడం, నేను నందినిని. ఈ పని మానేస్తాండాను. మా ఊరికి పోయి టమోటాలు పెట్టుకుంటా."

"అన్నం తిన్నావా?"

"లేదు."

"తినొద్దు. నేను తెస్తాండాను."

మా అవ్వ అప్పటికి పెన్షను తీసుకుంటోంది, మోకాళ్ళు రెండూ మొరాయిస్తున్నాయి. అయినా టిఫిన్ క్యారియరు పట్టుకుని, బస్సులు మారి మధ్యాహ్నానికల్లా కుప్పం గదిలో దిగింది. ఎదురుగా కూర్చుని, మొదటినుంచి చెప్పమంది. నందిని చెప్పింది. ఎక్కడ ఆపి తప్పు పట్టుకుంటుందోనని భయపడుతూ, పట్టుకుంటే బాగుండునని ఆశపడుతూ చెప్పింది. తప్పు ఒకటి దొరికితే దాన్ని దిద్దుకుని బతకొచ్చు. మా అవ్వ ఎక్కడా ఆపలేదు. అంతా విని, పిల్ల చేతులు రెండూ తన ఒళ్ళోకి తీసుకుంది.

"అన్నీ సరిగ్గానే చేసినావు," అంది.

తెర లేదు, గొట్టం లేదు. ఇన్నేళ్ళూ ఆ ముసల్ది గోనెసంచిని అన్నిసార్లు ఎందుకు చంపిందో, ప్రతిసారీ ఆ నింద తన నెత్తినే ఎందుకు వేసుకుందో నందినికి అప్పుడు తెలిసింది. నిన్నటినుంచి రాని ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. మా అవ్వ ఓదార్చలేదు. ఏడుపు అయ్యేదాకా పక్కనే కూర్చుని, తర్వాత పెరుగన్నం కలిపి పెట్టింది.

"పని మాత్రం నాకొద్దు మేడం," అంది నందిని ముద్ద మింగుతూ.

"వద్దులే. మానేయి. ముందు పడుకో."

నందిని రాయిలా పడి నిద్రపోయి, మరుసటిరోజు బాగా పొద్దెక్కినాక లేచింది. పక్కన మేడం లేదు. కొక్కేనికి తగిలించిన తన తెల్లకోటు లేదు. ఆసుపత్రికి పరుగెత్తింది.

వార్డులో మా అవ్వ నందిని కోటు తొడుక్కుని, అది పొట్ట దగ్గర పట్టక పిన్నీసులు పెట్టుకుని, మంచాల మధ్య తిరుగుతోంది. ప్రవీణ్ డాక్టరు బల్లలు సర్దుతున్నాడు. చాందిని కిటికీలు తుడుస్తోంది. రోగులందరూ వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని ఉన్నారు. మూలుగు అనేది ఏ భాషలోనూ వినిపించడం లేదు.

మూల మంచంలో చెంగయ్య అనే ముసలాయన ఉన్నాడు. వయసు మీదపడి, ఆయాసంతో వచ్చి, ఇంక చాలు పోతానని తీర్మానించుకుని, తిండి మానేసి, కొడుకులకు కబురు కూడా పంపించుకున్నాడు. మా అవ్వ రాగిజావ గిన్నెతో ఆయన మంచం మీదే కూర్చుంది.

"నాకొద్దు తల్లీ. నేను పోతాండాను," అన్నాడు చెంగయ్య.

"యాడికి పోయేది? నా డ్యూటీలో ఎవరూ పోయేదానికి లేదు. నోరు తెరువు."

"నా ఇష్టం గదమ్మా."

"నీ ఇష్టమైతే ఇంటికాడ పోవాల్సింది. ఈడికొచ్చినాక నా ఇష్టం. మింగు. పొద్దున మింగింది అరిగిందా? కడుపు సూపీ. ఊపిరి గట్టిగా పీల్చు. ఇంకా గట్టిగా. గాలికేమన్నా కరువా?"

మదనపల్లిలో ఏళ్ళ తరబడి చావు తప్ప మరొకటి రాయని ఆ మనిషి, ఈ బక్క ముసలాయన ప్రాణాన్ని గిన్నె గరిటెతో తిరిగి లోపలికి కూరుతోంది. నందిని తలుపు దగ్గరే నిలబడిపోయింది. చెంగయ్య ఆమెను చూశాడు. మా అవ్వ గిన్నె కడగడానికి అటు తిరగ్గానే చెయ్యెత్తి పిలిచాడు.

"అమ్మా నందినమ్మా, నీ కాళ్ళు మొక్కుతా. రేపు జావ తాగుతా, మాత్రలు మింగుతా, నువ్వేం చెప్తే అది చేస్తా. నువ్వు డ్యూటీకి రా తల్లీ. ఈయమ్మ ఉంటే మడిసిని నెమ్మదిగా చచ్చేదానికి కూడా ఇడిసేటట్టు లేదు."

పక్క మంచాల వాళ్ళందరూ అవునవునన్నట్టు దండాలు పెట్టారు. ప్రవీణ్ డాక్టరు కూడా, మా అవ్వ చూడకుండా, చిన్నగా ఒక దండం పెట్టాడు.

నందిని లోపలికి వచ్చింది. మేడం భుజాల మీదనుంచి కోటు తీసి, పిన్నీసులు ఒక్కొక్కటే విప్పి, తొడుక్కుని, చెంగయ్య మంచం పక్కన నిలబడి చెయ్యి పట్టుకుంది.

"తాతా, నాడి చూస్తాండాను," అంది. "రవ్వంతసేపు మాట్లాడొద్దు."